తొమ్మిది చోట్ల రాసిన ఒకే లెక్క

నేను ముప్పై ఏళ్లకు పైగా ఖరగ్‌పూర్‌లో ప్రోగ్రాంలు రాశాను. మలంచా మెయిన్ రోడ్డు మీద, మందుల దుకాణం పైన, రెండు గదుల ఆఫీసు మాది. రక్తపరీక్షల లాబ్‌లకూ నర్సింగ్ హోమ్‌లకూ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. కింద బస్సు హారన్ కొడితే పైన కిటికీ అద్దాలు మోగేవి. ఇప్పటికీ మోగుతున్నాయని విన్నాను.

పోయిన ఏడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే మంచిది ఆంటీ అని అడుగుతారు. నా కళ్ల ముందే ఐదారు భాషలు వచ్చి పోయాయి కాబట్టి ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వాళ్లు అడగని ప్రశ్నకు మాత్రం ఒకటుంది: ఒకే విషయాన్ని రెండు చోట్ల రాయకండి. ఇది ప్రతి పాఠ్యపుస్తకంలోనూ మొదట్లోనే ఉంటుంది. నేనూ చదివాను. చదివిన తర్వాత పన్నెండేళ్లపాటు రాస్తూనే ఉన్నాను. ఎందుకు రాశానో, ఎలా మానానో, మానాక ఇంకే తప్పు చేశానో చెబుతాను.

మందంతో కొలిచే ఆఫీసు

మా యజమానిని అందరం మైతీ దా, అంటే మైతీ అన్న, అనేవాళ్లం. మేదినీపూర్ మనిషి. మర్యాదస్తుడు, ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు. ఆయన మాటలన్నీ బెంగాలీలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆయనకు ప్రోగ్రాం రాయడం రాదు. అది ఆయన దాచలేదు. రానిదాన్ని కొలవాలి కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నెలకోసారి మేము రాసిన కోడ్ మొత్తం ప్రింటు తీయించి, బొత్తిగా కట్టి, అల్మారాలో పెట్టేవాడు. కొత్త లాబ్ వాళ్లు వస్తే ఆ బొత్తి బల్ల మీద పెట్టి, "చూడండి, ఎంత పని జరిగిందో" అనేవాడు. వాళ్లు బొత్తిని చేత్తో ఎత్తి చూసి తల ఊపేవారు.

అలాంటి ఆఫీసులో నేను మంచి పనిమంతురాలిని. నా బొత్తి లావుగా ఉండేది. రహస్యమేమీ లేదు. కొత్త ప్రోగ్రాం కావాలంటే, దానికి దగ్గరగా ఉన్న పాత ప్రోగ్రాం తెరిచి, మొత్తం కాపీ చేసి, పేరు మార్చి, నాలుగు వరసలు దిద్దేదాన్ని. మధ్యాహ్నానికి పని అయ్యేది. కాపీ చేసినది వెంటనే పనిచేస్తుంది. ఆ అలవాటులోని చెడంతా అదే. తప్పు అప్పుడే బయటపడితే ఎవరైనా రెండో రోజే మానేస్తారు.

రెండు కాగితాలు

పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు ఉన్నాయేమో చూడటానికి రక్తంలో బిలిరుబిన్ అనే పదార్థాన్ని పరీక్ష చేస్తారు. నాలుగో రోజున మామూలు అనిపించే కొలత మొదటి రోజున ప్రమాదం. అందుకని మా ప్రోగ్రాం ముందు బిడ్డ వయసు లెక్కగట్టి, ఆ వయసుకు కొలత ఎక్కువైతే పక్కన నక్షత్రం గుర్తు వేసేది.

వయసు లెక్క నేను రాసిందే. పరీక్ష తేదీలోంచి పుట్టిన తేదీ తీసేశాను. సాయంత్రం ఏడింటికి పుట్టిన బిడ్డకు మర్నాడు పొద్దున్న ఆరింటికి రక్తం తీస్తే, ఆ లెక్కన వయసు ఒక రోజు. నిజానికి పదకొండు గంటలు. మేము సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఒక నర్సింగ్ హోమ్‌లో లాబ్ డాక్టరు ఇది పట్టుకుని, గంటల్లో లెక్క కట్టమన్నాడు. మార్చాను. ఆ లెక్క నేను కాపీ చేసిన చోట్లన్నీ గుర్తు చేసుకుని కాగితం మీద రాసుకున్నాను. ఆరు వచ్చాయి. ఆరూ దిద్ది, పరీక్షించి, మైతీ దాకు చెప్పాను. "ఠీక్ ఆఛే, సరే" అన్నాడు.

మూడు వారాల తర్వాత, పొద్దున్న పదకొండు గంటల ప్రాంతంలో, ఒక నర్సు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. పేరు ఎస్తేరమ్మ. వాళ్ల తాతల కాలంలోనే విశాఖ నుంచి ఇక్కడికి వచ్చేసిన కుటుంబం. ఆ నర్సింగ్ హోమ్‌లో పసిపిల్లల వార్డు ఆవిడదే. డ్యూటీ దిగి రిక్షా ఎక్కి నేరుగా వచ్చింది. యూనిఫాం కూడా మార్చుకోలేదు.

"సరోజినంటే నువ్వేనా అమ్మా?"

"అవునండీ."

చేతిలోని రెండు కాగితాలు నా కీబోర్డు మీద పెట్టింది. "నీ కంప్యూటర్‌కి రెండు నాలికలున్నాయా? సూడు."

రెండూ ఒకే బిడ్డ రిపోర్టులు. పేరు ఒకటే, కొలత ఒకటే. ఒకదాని మీద నక్షత్రం ఉంది, రెండోదాని మీద లేదు.

"ఇది నిన్న తెల్లారి లాబ్‌లో తీసింది. నీళ్లు పడి పాడైపోయిందని మళ్లీ తీయించినారు. డాక్టర్ బాబు సేతికెళ్లింది ఈ రెండోది. నార్మల్ అని రాసి పక్కన పెట్టేసినాడు," అంది ఎస్తేరమ్మ. "నాను పొద్దున్న తెర మీద సుక్క గుర్తు సూసినాను గాబట్టి ఊరుకోలేదు. పిల్ల ఒళ్లు సూస్తే పసుపు రాసినట్టుంది. కాయితంలో లేదంటాడు లాబ్ కుర్రోడు. కాయితం కాదు, పిల్లని సూడండి బాబూ అని డాక్టర్ని లాక్కొచ్చినాను."

"బిడ్డకి ఎలా ఉందండీ?"

"నీలం లైటు కింద ఎట్టినారు. తగ్గుతాదన్నారు. నిన్న మజ్జాన్నం దాకా ఆలీసం అయింది. ఆ ఆలీసం ఎవరిది?"

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. పాత రిపోర్టును మళ్లీ ప్రింటు తీయడానికి వేరే ప్రోగ్రాం ఉండేది. దాన్ని నేనే రాశాను. అసలు రిపోర్టు ప్రోగ్రాంను కాపీ చేసి, ఒక మధ్యాహ్నంలో. నా జాబితాలో ఆ ఏడోది లేదు.

మైతీ దా లోపలి గదిలోంచి వచ్చి సంగతేమిటని అడిగాడు. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ ప్రింటరు మనం ఇచ్చిందేనా అన్నాడు. కాదన్నాను. ఆయన ముఖం తేటపడింది. ప్రోగ్రాం మనదే అన్నాను. మళ్లీ మామూలైంది.

ఎస్తేరమ్మ లేచింది. "రా, పిల్లని సూద్దువుగాని," అంది. వెళ్లాలనిపించలేదు. వెళ్లాను.

బిడ్డ ఆడపిల్ల. కళ్లకు గుడ్డ కట్టి, నీలం దీపం కింద పడుకోబెట్టారు. నా మోచెయ్యంత ఉంది. కాళ్లు ఆడిస్తోంది. తల్లి మంచం మీద కూర్చుని ఉంది. మన తెలుగు పిల్లే. భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు.

"మీరు డాక్టరమ్మా?" అని అడిగింది.

"కాదమ్మా. కంప్యూటర్ పని చేస్తాను. ఈ రిపోర్టుల ప్రోగ్రాం మాదే."

ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించింది. "కంప్యూటరే ముందల సూపించిందంట గదా, నర్సమ్మ సెప్పింది. మీ దయవల్లే."

అది నిజంలో సగం. రెండో సగం చెప్పవలసింది నేను. ఎస్తేరమ్మ నా వైపు చూసింది. నేను చెప్పలేదు. బిడ్డ మూడో రోజుకు కోలుకుని ఇంటికి వెళ్లింది. ఆ నమస్కారం మాత్రం ఇన్నేళ్లయినా నాకు మింగుడు పడలేదు.

అసలుది ఏది

ఎస్తేరమ్మ వచ్చిన మర్నాడు జ్ఞాపకం మీద ఆధారపడకుండా, అల్మారాలోని బొత్తులన్నీ దింపి వరస వరసా చదివాను. నాలుగు రోజులు పట్టింది. వయసు లెక్క మొత్తం తొమ్మిది చోట్ల ఉంది. ఆరు దిద్దినవి. ఒకటి ఎస్తేరమ్మ పట్టుకున్నది. మిగిలిన రెండూ ఎవరూ వాడని ప్రోగ్రాంలలో ఉన్నాయి. ఆ ప్రోగ్రాంలు ఎందుకు రాశామో మైతీ దాకూ గుర్తు లేదు. లావుకు పనికొచ్చి ఉంటాయి.

మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆ వారం ఊళ్లోనే, ఝపటాపూర్‌లో మా ఇంటి అరుగు మీద టీ తాగుతూ ఆయనకు జరిగింది చెప్పాను. తొమ్మిదీ దిద్దేశానని కూడా చెప్పాను.

"మళ్లీ మారితే?" అన్నాడు నాన్న.

"మళ్లీ తొమ్మిది చోట్ల దిద్దుతాను. ఇప్పుడు జాబితా ఉంది కదా."

"జాబితా ఎవుల దగ్గరుంది?"

"నా దగ్గర."

నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "మా షాపులో కొలత సూసే గేజీలు ఇరవై ఉండేవి. రెండు గేజీలు రెండు కొలతలు సెప్తే ఏది తప్పో ఎలగ తెలుస్తాది? అసలు గేజి ఒకటి గాజు బీరువాలో ఉండేది. దాంతో సరిసూసేవోళ్లం. మీ తొమ్మిదిట్లో అసలుది ఏది?"

ఏదీ కాదు. తొమ్మిదీ నకళ్లే. ఏది మొదట రాశానో నాకే తెలియదు. నేను అప్పటిదాకా దిద్దుతున్నది తప్పులను. సరిచూసుకోవడానికి అసలంటూ ఒకటి లేకపోవడమే తప్పని ఆ రోజు తెలిసింది.

తర్వాత రెండు నెలలు కొత్త పనేమీ చేయలేదు. వయసు లెక్క ఒక్క చోట రాసి, దానికి ఒక పేరు పెట్టి, మిగతా ప్రోగ్రాంలన్నీ వచ్చి దాన్నే అడిగేలా మార్చాను. నక్షత్రం వేసే నియమమూ అంతే. ఎవరూ వాడనివి తీసేశాను. నెలాఖరున ప్రింటు తీస్తే బొత్తి సగానికి సగం పడిపోయింది. మైతీ దా దాన్ని చేత్తో ఎత్తి చూశాడు.

"సరోజినీ, రెండు నెలలు పనిచేసి ఇంత తగ్గించావా?"

"అవును దాదా."

"వచ్చేవాళ్లకు ఏం చూపించమంటావు?"

"పసిపిల్లల వార్డుకు తీసుకెళ్లండి."

ఆయన బొత్తిని అల్మారాలో పెట్టేశాడు. కానీ ఆ నెల నుంచి ప్రింటు తీయించడం మానేశాడు. ఇందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. తనకు అర్థం కాని పనిని కొలవడం మానేసిన యజమానిని నేను ఇంకొకరిని చూడలేదు.

మూడు రోజులు, మూడు రోజులు

ఇక్కడితో ఆపేస్తే నేను తెలివైనదాన్నని మీరు అనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి తర్వాతది చెప్పాలి.

ఆ దెబ్బతో నాకు ఇంకో జబ్బు పట్టుకుంది. ఒకేలా కనిపించిన ప్రతిదాన్నీ కలిపేయడం మొదలుపెట్టాను. రెండు వరసలు ఒకటిగా ఉంటే నాకు భోజనం సహించేది కాదు. అలా వెతుకుతుంటే ఒకరోజు రెండు చోట్ల మూడు రోజులు అన్న గడువు కనిపించింది. ఒకటి కల్చర్ పరీక్షది. రక్తంలో క్రిములు పెరుగుతాయేమో మూడు రోజులు చూసి రిపోర్టు ఇస్తారు. రెండోది రక్తం ఎక్కించే ముందు చేసే క్రాస్ మ్యాచ్‌ది. రోగి రక్తానికీ దాత రక్తానికీ పొసుగుతుందో లేదో చూసే పరీక్ష అది. దానికోసం రోగి దగ్గర తీసిన రక్తం మూడు రోజుల వరకే పనికొస్తుంది. ఆ తర్వాత కొత్తగా తీయాలి. రెండూ రక్తమే, రెండూ మూడు రోజులే. సంతోషంగా కలిపేసి, ఒకే పేరు పెట్టాను.

ఏడాది గడిచింది. కల్చర్ మూడు రోజులు చాలడం లేదు, ఐదు రోజులు చూస్తాం అన్నారు లాబ్ వాళ్లు. నాకెంత గర్వమో చెప్పలేను. ఒక్క చోట, ఒక్క అంకె. మూడు తీసి ఐదు పెట్టాను. నిమిషం పట్టలేదు.

అదే నర్సింగ్ హోమ్‌లో రక్తం విభాగం చూసే టెక్నీషియన్ జానా బాబు. అప్పటికి అరవైకి దగ్గర్లో ఉన్నాడు. కంప్యూటరంటే ఆయనకు కోపం లేదు, నమ్మకమూ లేదు. ప్రతి ట్యూబు మీదా తారీఖు పెన్నుతో రాసుకునేవాడు. కంప్యూటర్ లేబుల్ వేస్తుండగా పెన్నుతో మళ్లీ ఎందుకు దాదా, ఒకే పని రెండుసార్లు అని నేనే ఒకసారి ఆయనకు పాఠం చెప్పాను. ఆయన విని, రాసుకుంటూనే ఉన్నాడు.

అంకె మార్చిన నాలుగో రోజున ఆయన ఫోన్ చేశాడు. బెంగాలీలో, చాలా నెమ్మదిగా, "దీదీ, నా చేతిలో ఒక ట్యూబు ఉంది. తీసి నాలుగు రోజులైంది. ఈ మనిషికి మొన్ననే ఒకసారి రక్తం ఎక్కించాం. పాత ట్యూబుతో చూడకూడదు. మీ కంప్యూటర్ మాత్రం వాడవచ్చు అంటోంది. నేను వాడటం లేదు. మీకు చెబుదామని," అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు.

"ఇంకేదైనా ట్యూబు అలా వెళ్లిందా దాదా?"

"నా చేతిలోంచి వెళ్లలేదు. ఈ నాలుగు రోజులూ నేనే ఉన్నాను."

ట్యూబు గడువును వేరుచేసి తిరిగి మూడుకు మార్చి, ఆ మధ్యాహ్నమే ఆయన దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఈసారి సగం దాచలేదు. రెండు గడువులూ మూడు రోజులే కనుక ఒకటిగా కలిపానని చెప్పాను. జానా బాబు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కల్చర్‌కి మూడు రోజులు ఎందుకు?" అని అడిగాడు.

"క్రిములు పెరగడానికి."

"నా ట్యూబుకి మూడు రోజులు ఎందుకు?"

"రక్తం పాడవుతుందని."

"కాదు. రక్తం ఎక్కించాక మనిషి ఒంట్లో కొత్తగా ఎదురు తిరిగే గుణం పుట్టవచ్చు. పాత ట్యూబులో అది కనిపించదు. ట్యూబు పాడవదు, మనిషి మారతాడు." కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "మీరు అంకెను చూశారు దీదీ. ఎందుకు అని అడగలేదు."

ఏ పుస్తకమూ నాకు ఇంత విడమరిచి చెప్పలేదు. ఒకే వరస రెండు చోట్ల ఉంటే అది పునరుక్తి కాకపోవచ్చు. రెండు వేర్వేరు కారణాలు ప్రస్తుతానికి ఒకే అంకె దగ్గర కలుసుకుని ఉండవచ్చు. ఒకటి మారితే రెండోది తప్పక మారాలా అని అడగండి. మారాలంటే కలపండి. తెలియదంటే తెలిసినవాళ్లను అడగండి. వాళ్లు సాధారణంగా మీ ఆఫీసులో ఉండరు. కంప్యూటర్ లేని బల్ల దగ్గర పెన్ను పట్టుకుని ఉంటారు. ఆ పెన్ను రాతను వృథా అన్నది కూడా నేనే కాబట్టి, సరిచూసుకోవడానికి వేరే మనిషి చేసే పని నకలు కాదని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఆ రోజు నుంచి ప్రతి నియమం పక్కనా రెండు ముక్కలు రాయడం మొదలుపెట్టాను: ఇది ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు. మైతీ దా ఒకసారి చూసి, కోడ్ మళ్లీ లావవుతోందని సంతోషించాడు.

అప్పగింత

రిటైరయ్యే ముందు నా పని హేమ అనే అమ్మాయికి అప్పగించాను. నిదానస్తురాలు. అడగవలసినది అడుగుతుంది. అప్పటికి జుట్టు పూర్తిగా తెల్లబడిన మైతీ దా నన్ను పిలిచి నీకు తెలిసిందంతా ఒక పుస్తకంలా రాసివ్వు అన్నాడు. రాయడం మొదలుపెట్టాను. నలభై పేజీలయ్యాక ఆగి చూసుకుంటే, నియమాలన్నీ రెండోసారి రాస్తున్నాను. హేమ రేపు కోడ్‌లో ఒకటి మారిస్తే ఈ పుస్తకం అబద్ధమవుతుంది, అయినా బైండు చేసి ఉంటుంది కాబట్టి అందరూ దాన్నే నమ్ముతారు. చింపేసి, ఏ సంగతి కోసం ఎక్కడ చూడాలో మాత్రం ఒక పేజీలో రాసిచ్చాను. మైతీ దా ఆ పేజీని వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

రిటైరైన నాలుగో నెలలో ఒకరోజు మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. ఝపటాపూర్‌లోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్ లాబ్. అక్కడ పనిచేసే అమ్మాయికి నేను ముందు నుంచీ తెలుసు. పసిబిడ్డల బిలిరుబిన్‌కు రెండో రోజు నక్షత్రం ఎంత దగ్గర పడుతుందని అడిగింది. తెర చూడకుండా, కళ్లు మూసుకునైనా చెప్పగలను. చెప్పాను. బియ్యం ఏరుకుంటూ చెప్పాను. ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి పెట్టేసింది. చాలా రోజులకు ఒకరు నన్ను ఏదో అడిగారని నాకు బాగానే అనిపించింది.

ఆ సాయంత్రం హేమ ఫోన్ చేసింది.

"మేడం, మీరు ఆ లాబ్‌కి బిలిరుబిన్ అంకె సెప్పినారా?"

"చెప్పాను. ఏం?"

"నెలతక్కువ పిల్లలకి తక్కువ అంకె దగ్గరే గుర్తు ఎయ్యాలన్నారు మేడం డాక్టర్లు. మూడు వారాల కిందట మార్సినాను. ఆళ్ల దగ్గరున్నది నెలతక్కువ పిల్లే. మీరు సెప్పింది ఒకటీ, తెర మీద ఇంకోటీ ఉందని నాకు ఫోన్ సేసినారు."

"తెర మీద ఉన్నదే కదా వాడారు?"

"అదే వాడినారు. పిల్లకి లైటు ఎట్టినారు. నాను మీకు సెప్పవలసింది మేడం, మార్సినప్పుడే."

"నాకెందుకు చెప్పాలి?" అన్నాను. "ఎవరు చెప్పారో, ఎందుకో పక్కన రాశావా?"

"రాసినాను."

"మరింకేం."

ఫోన్ పెట్టేశాను. తొమ్మిది నకళ్లు వెతికి తీసేశాననుకున్నాను. పదోది నా తలలో ఉంది. దాన్ని దిద్దడానికి హేమ దగ్గర దారి లేదు, దాన్ని వాడకుండా ఉండవలసింది నేనే.

ఇప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు. ఆ అంకె ఎంత ఆంటీ అంటారు. అది నా నాలుక చివరే ఉంటుంది. నాకు తెలియదమ్మా, తెర చూడు అంటాను. వయసు మీద పడి మరిచిపోతున్నానని లాబ్‌లలో అనుకుంటున్నారట. అనుకోనివ్వండి.